గడియారం లేని గొలుసు

నా చిన్నప్పుడు మా తాత కోటు మీద ఒక వెండి గొలుసు వేలాడుతుండేది. ఒక కొస పై గుండీ కాజాకు, ఇంకో కొస పక్కజేబులోకి. ఆ రోజుల్లో అలాంటి గొలుసు కనిపిస్తే జేబులో గడియారం ఉన్నట్టే లెక్క. మా తాత జేబులో మాత్రం గడియారం లేదు. జన్మలో ఆయన గడియారం కొన్నదీ లేదు, ఎవరూ ఇచ్చిందీ లేదు. ఆ గొలుసు కొసన ఉన్నది మా దుకాణం తాళంచెవి.

ఈ సంగతి మా గల్లీలో అందరికీ తెలుసు. తెలియనివాళ్ళు దారిలో ఆపి టైమెంతయిందని అడిగేవారు. తాత తొణకకుండా గొలుసును కొంచెం పైకి లాగి, జేబులోకి తొంగిచూసి, పెద్దమనిషి తరహాలో టైము చెప్పేవాడు. స్టేషన్లో బండి కూత, బడి గంట, ఎండ ఏ గోడ దాకా వచ్చింది, వీటన్నిటినీ కలిపి ఒక అంచనా వేసేవాడు. అది చాలాసార్లు తప్పేది. అయినా వెనక్కి వచ్చి దెబ్బలాడినవాళ్ళు లేరు. పక్కన నడుస్తున్న నేను నవ్వాపుకోలేక చస్తుంటే, నా జడ పట్టుకుని మెల్లగా ఒక గుంజు గుంజేవాడు.

తాత పని గడియారం గొలుసులు చేయడం. సికింద్రాబాదులో రాంగోపాల్‌పేట్ వెనకాల మాదొక సన్నటి గల్లీ. రిక్షా వస్తే ఎదురొచ్చే మనిషి గోడకు అతుక్కోవాల్సిందే. అందులో అన్నీ వెండిపని ఇళ్ళే. ఒక ఇంటివాళ్ళు మెట్టెలు చేస్తే, ఇంకొకరు మొలతాళ్ళు, మరొకరు కుంకుమ భరిణెలు. మా దుకాణానికి ఎదురుగా ఉండే, గల్లీ అంతా చిచ్చా అని పిలిచే ఆయన కాళ్ళ పట్టీలు చేసేవాడు. ఒకరి పని ఇంకొకరు ముట్టుకోకూడదు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో నాకు తెలియదు. మెట్టెల కోసం వచ్చినవాళ్ళను మెట్టెల ఇంటికే పంపాలి, ఆ రోజు మన చేతిలో పని లేకపోయినా సరే. అన్ని ఇళ్ళలో పొయ్యి వెలగాలని చేసుకున్న ఏర్పాటు అది. మంచి ఏర్పాటే, మన వంతుకు వచ్చిన వస్తువును జనం వాడుతున్నంత కాలం.

గొలుసు చేయడంలో తాతకు ఒక పట్టింపు ఉండేది. కొలత ఇవ్వడానికి ఎవరొచ్చినా ముందు అన్నం తిని రమ్మనేవాడు. ఖాళీ కడుపుతో నిలబడ్డప్పుడు సరిపోయిన గొలుసు, తిని కూర్చున్నాక సరిపోదు. పొట్ట ముందుకొస్తుంది, గొలుసు గుంజుకుంటుంది, జేబులో గడియారం అడ్డం తిరుగుతుంది. అందుకని తిన్న మనిషిని కూర్చోబెట్టి దారంతో కొలిచి, దాని మీద ఇంకాస్త వదులు కలిపేవాడు. ఛాతీ మీద గొలుసు కొంచెం వంగి, హాయిగా ఉండాలనేవాడు. కొందరు షావుకార్లు మా దుకాణానికే క్యారేజీ తెప్పించుకుని, అక్కడే తిని, త్రేన్చి మరీ కొలత ఇచ్చేవారట. ఈ మాట మా నాయనమ్మ ఎంత గర్వంగా చెప్పేదో.

చేతి గడియారాన్ని మా వైపు మొదట తెచ్చింది దండులోని సిపాయిలు. యుద్ధంలో తుపాకీ పట్టుకున్నవాడు జేబులో చెయ్యి పెట్టి టైము చూసుకోలేడు కదా, అందుకని ముంజేతికి కట్టుకున్నారు. సెలవు మీద అలా కట్టుకుని వచ్చినవాళ్ళను చూసి మా గల్లీ అంతా పడీపడీ నవ్విందట. మొగోళ్ళు గాజులు తొడుక్కునే కాలం వచ్చిందేందిరా అని ఎగతాళి. నాకు ఊహ తెలిసేసరికి, ఎగతాళి చేసినవాళ్ళ చేతులకే గడియారాలు వచ్చేశాయి. ఆఫీసులకు సైకిళ్ళ మీద పోయేవాళ్ళకు రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉండాలి. షేర్వానీలు, కోట్లు పెట్టెల్లోకి వెళ్ళిపోయాయి. బుష్‌షర్టుకు గొలుసు ఎక్కడ తగిలిస్తారు? ఫోటో స్టూడియో అద్దాల పెట్టెలో పాత ఫోటోల్లో మొగవాళ్ళంతా ఛాతీ విరుచుకుని నిలబడి ఉంటే, కొత్త ఫోటోల్లో ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టుకుని, గడియారం కనబడేట్టు చొక్కా చేతులు మడిచి కూర్చునేవారు.

తాత దుకాణం గడప మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళ మణికట్ల వంక చూస్తుండేవాడు. అంతకుముందు ఆయన చూపు ఛాతీ మీద ఉండేది. ఆ తేడా నేను కనిపెట్టాను, చిన్నదాన్నయినా. ఇప్పుడు మా మనవడు టైము చూడాలంటే జేబులోంచి ఫోను తీస్తాడు. తిరిగి తిరిగి మళ్ళీ జేబుకే వచ్చారు. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది, ఎవరి మీదో మాత్రం చెప్పలేను.

మా నాన్న, మేము బాపు అనేవాళ్ళం, రైల్వే కారఖానాలో పనిచేసేవాడు కాబట్టి ఇంట్లో తిండికి ఇబ్బంది లేదు. ఆ ధైర్యంతోనే ఆయన తాతను దుకాణం వదిలేయమన్నాడు. దుకాణం అద్దెకిచ్చిన యజమాని కూడా ఎండాకాలం అయిపోయేలోగా ఉంచుకుంటారో ఖాళీ చేస్తారో తేల్చమన్నాడు. ఇగ చాలు నాయినా, ఇంట్ల కూసో, అని బాపు మర్యాదగానే చెప్పాడు. తాత మరునాడు కూడా ఎప్పటిలాగే దుకాణానికి వెళ్ళాడు. ఇంట్లో కూర్చుంటే తను ఏమవుతాడో ఆయనకు తెలుసు. పొద్దున్నే ఆ తాళంచెవితో తలుపు తీసి, కుంపటి రాజేసి, గోడకు ఆనుకుని కూర్చునే ఆ మూరెడు చోటే ఆయన బతుకు. మిగతాదంతా తినడం, పడుకోవడం.

అలాంటప్పుడు ఒక వకీలు సాబ్ వచ్చాడు. వాళ్ళ నాన్నకు గొలుసు చేసింది మా తాతే. కోర్టులో ఒక చేత్తో కాగితాల కట్ట, ఇంకో చేత్తో వాదన, అందుకని ఆయనా చేతి గడియారం కొన్నాడు. తీరా కొన్నాక తోలు పట్టీతో చిక్కొచ్చింది. ఆయన నిష్ఠాపరుడు. తోలు ఒంటిమీద ఉండగా దీపం పెట్టడు, అన్నం ముట్టడు. తీయడం, పెట్టడం, ఎక్కడో మరిచిపోవడం. చేతికి వెండి గొలుసు చేస్తావా పెద్దాయనా, అని అడిగాడు.

తాత ముఖం ఎలా వెలిగిందో నాకు ఇవాళ్టికీ గుర్తు. చేతి గడియారం గొలుసు గల్లీలో ఎవరి వంతూ కాదు, ఎవరి కూడూ లాక్కున్నట్టు కాదు. ఈ ఒక్కటి కుదిరితే చాలు, తోలు ముట్టని పెద్దమనుషులు మా సికింద్రాబాదు లష్కర్లో కావలసినంత మంది ఉన్నారు. దుకాణం నిలబడుతుంది. తాత చేతులు జోడించి, "రేపు జెర అన్నం తినొచ్చి కూసోండ్రి సాబ్, కొల్త తీస్త" అన్నాడు.

వకీలు సాబ్ కొంచెం వింతగా చూశాడు కానీ, మరునాడు కోర్టుకు సెలవు కావడంతో భోంచేసే వచ్చాడు. తాత ఆయన్ను కూర్చోబెట్టి, దారంతో మణికట్టు కొలిచి, అలవాటుగా ఇంకాస్త వదులు కలిపాడు. ఆయన వెళ్ళాక నేను అడిగాను, అన్నం తింటే చెయ్యి కూడా లావవుతుందా తాతా అని. ఆయన నా జడ గుంజాడు. ఎప్పటికంటే గట్టిగా గుంజాడు.

ఆ గొలుసు కోసం ఆయన పడిన శ్రమ చూసి తీరాలి. గొలుసులోని ఒక్కొక్క చిన్న రింగును మేము కడీ అంటాం. కడీని వంచి, పక్కదానిలో దూర్చి, కలిసే చోట టంకం పెట్టి, ఊదుగొట్టంతో ఊది అతికించాలి. అతుకు ఎక్కడుందో కంటికి కనబడకూడదు. అయ్యాక అది చేతిలో పాములా చల్లగా జారింది. గల్లీలో అందరూ వచ్చి చూశారు. చిచ్చా దాన్ని కళ్ళకు అద్దుకున్నాడు.

కానీ చెయ్యి ఛాతీ కాదు. వకీలు సాబ్ వాదిస్తూ చెయ్యెత్తితే గడియారం మోచేతి దాకా జారేది. చెయ్యి దించితే పిడికిలి మీదికి వచ్చేది. టైము చూద్దామంటే ముఖం కిందికి తిరిగి ఉండేది. జడ్జి దగ్గర బంట్రోతులు కూడా నవ్వారట. చివరికి ఒకరోజు చేతులు కడుక్కుంటుంటే జారి బండ మీద పడి అద్దం పగిలింది. ఆయన కోప్పడలేదు. సరిచేసి ఇమ్మన్నాడు. తాత ఈసారి బిగించి చేశాడు. బిగిస్తే కడీలు చర్మంలోకి దిగి అచ్చులు పడ్డాయి, ఎండాకాలం చెమటకు ఆ అచ్చులు పుండ్లయ్యాయి. ఆయన చేతికి తెలిసిన పనంతా వేలాడే గొలుసు పని. పట్టుకుని ఉండే గొలుసు వేరే విద్య, అది ఆయనకు రాలేదు. వచ్చే వయసూ దాటిపోయింది.

మూడోసారి వకీలు సాబ్ వచ్చినప్పుడు అంత ఎండలోనూ చొక్కా చేతులు కిందికి లాక్కుని ఉన్నాడు. గొలుసును కాగితంలో చుట్టి తెచ్చాడు. ఇది నీ దగ్గరే ఉండనీ పెద్దాయనా అని ఇవ్వబోతుంటే చొక్కా చెయ్యి పైకి జరిగింది. లోపల స్టీలు పట్టీ. సాగుతుంది, మళ్ళీ దగ్గరికి వస్తుంది. బజార్లో తయారుగా దొరుకుతుందట. తోలు కాదు, టంకం కాదు, కొలత కూడా అక్కర్లేదు. ఆయన చెయ్యి దాచుకోబోయాడు.

తాత చూడనిచ్చే దాకా ఆగి, వేలితో ఆ పట్టీని ఒకసారి సాగదీసి వదిలాడు. "జారదా సాబ్?" అన్నాడు.

"జారదు."

"మంచిగున్నది," అన్నాడు తాత. ఆయన నిజంగానే అన్నాడు. పనివాడు కదా, మంచి పనిని చెడ్డదనలేడు.

ఆ తరవాత గొలుసులు తిరిగి రావడం మొదలైంది. మా దుకాణానికి కాదు, ఎదురుగా చిచ్చా దగ్గరికి. ఎలాగూ వాడని గొలుసు ఎందుకని, కరిగించి ఇంట్లో ఆడపిల్లలకు పట్టీలు చేయించుకునేవారు. చిచ్చా వాటిని కత్తెరతో ముక్కలు చేసి మూసలో వేసి కరిగించేవాడు. ఆ కత్తెర చప్పుడు మా దుకాణంలోకి వినిపించేది. తాత రెండు మూడు రోజులు విన్నాడు. తరవాత లేచి గల్లీ దాటి వెళ్ళి, వాటిని తెంపొద్దు, నాకివ్వు, నేను విప్పి ఇస్తానన్నాడు.

చిచ్చా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. వచ్చి నాతోనే కూసో భాయ్, పట్టీలు చెయ్యి, గల్లీలో ఎవరన్నా అంటే నేను మాట్లాడ్త, అని బతిమాలాడు. తాత ఒప్పుకోలేదు. "అది నీ ఇంటి పని. నా చెయ్యి పడ్తె నీ పోరగాళ్ళు ఏం తినాలె?" అన్నాడు. విప్పే పని మాత్రం ఎవరి వంతూ కాదు కాబట్టి తీసుకున్నాడు. దానికి ఆయన చిచ్చా దగ్గర ఏమీ పుచ్చుకోలేదు కూడా.

అలా తాను చేసిన గొలుసులను తానే విప్పుతూ కూర్చున్నాడు. చేతిలోకి తీసుకోగానే ఏది ఎవరిదో చెప్పేవాడు. పొడుగ్గా ఉంటే ఫలానా షావుకారు పొట్ట. పొట్టిగా ఉంటే సన్నగా ఉండే ఆ హెడ్మాస్టరు. చాలామంది అప్పటికే పోయారు. కొందరి కొడుకులే తెచ్చి ఇచ్చారు.

వేసవి సెలవులు అయిపోవస్తున్నాయి. ఒక మధ్యాహ్నం తాత నన్ను దుకాణానికి పిలిచాడు. గొలుసు అల్లడం నేర్పమని నేను ఊహ తెలిసినప్పటి నుంచీ ప్రాణం తీస్తుండేదాన్ని. ఆడపిల్లకెందుకని నాయనమ్మ అనేది, తాత మాత్రం నేర్పుతానే అనేవాడు. ఆ రోజు పట్టకారు నా చేతికిచ్చి, తన పక్కన చాప మీద కూర్చోబెట్టుకున్నాడు. నాకు పట్టరాని సంతోషం. కొత్త వెండి తీగ తీస్తాడని ఎదురుచూశాను. ఆయన కోటు గుండీ కాజాలోంచి తన గొలుసు కొస తీశాడు. జేబులోంచి రెండో కొస తీశాడు. తాళంచెవిని విడదీసి, దాన్ని పక్కనున్న చెక్కదిమ్మ మీద పెట్టాడు. గొలుసును నా ముందుంచాడు.

నాకు అర్థం కాలేదు. కొత్తది ఎప్పుడు చేద్దామని అడిగాను. కొత్తది లేదు, ఇదే విప్పుదాం, అన్నాడు.

ఆయన ఊదుగొట్టంతో అతుకు మీదికి మంట ఊదుతాడు. టంకం మెత్తబడి మెరవగానే నేను పట్టకారుతో కడీని తెరవాలి. ఒక్క క్షణం ముందయితే రాదు, ఆలస్యమయితే మళ్ళీ గట్టిపడుతుంది. మొదటి కడీకి నేను బలమంతా పెట్టి లాగాను. అది వంకరపోయింది. విసుగొచ్చి, ఎట్లాగూ కరిగించేదే కదా, కత్తెర పెడితే పోదా అన్నాను. నాకు ఓపిక తక్కువ, మొదటి నుంచీ.

తాత ఊదుగొట్టం కింద పెట్టాడు. "తెంపకు బిడ్డా," అన్నాడు. "నేను తెంపి చెయ్యలే గద, కలిపి చేసిన. కలిపిన కాడనే విప్పాలె."

ఆయన ఊదాడు, నేను తెరిచాను. కొంతసేపటికి అతుకు ఎక్కడుందో నా కంటికి దానంతటదే కనబడసాగింది. కడీలు ఒక్కొక్కటే సత్తు గిన్నెలో పడుతుంటే చిన్న చప్పుడు. పని చేతికి వచ్చినందుకు నాకు లోపల గర్వంగానే ఉంది. గిన్నె నిండి, చాప మీద ఏమీ మిగలనప్పుడు గానీ ఏం జరిగిందో తెలియలేదు. తాత నా తల మీద చెయ్యి పెట్టాడు. మంచిగ నేర్సినవ్, అన్నాడు. నేను ఏడవడం చూసి మళ్ళీ కుంపటి వైపు తిరిగాడు.

తాళంచెవి యజమానికి చేరింది. ఆ వెండితో చిచ్చా నాకు పట్టీలు చేశాడు. నేను వాటిని తొడుక్కుని గల్లీలో నడిస్తే తాత చప్పుడు విని తలెత్తేవాడు. కాళ్ళు పెరిగాయి, పట్టీలు బిగుతయ్యాయి, మార్చి వేరేవి తీసుకున్నారు. ఆ గొలుసులోని వెండి ఇప్పుడు ఎవరి కాళ్ళకుందో, ఎవరి పూజ గదిలో ఉందో.

ఒకటి మాత్రం నేను మరిచిపోలేను. దుకాణం పోయాక ఒకరోజు తాతతో బజారుకు వెళ్తుంటే ఎవరో ఆపి టైమడిగారు. తాత చెయ్యి అలవాటుగా గుండీ దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. చెయ్యి కాసేపు అక్కడే ఆగిపోయింది. "ఎరుక లేదు నాయినా, నా దగ్గర గడియారం లేదు," అన్నాడు. స్టేషన్లో బండి కూత అప్పుడే వినబడింది కూడా. నేను నవ్వలేదు, ఆయన నా జడ గుంజలేదు. మళ్ళీ ఎండాకాలం ఆయన చూడలేదు.

నేను ఇప్పుడు అల్వాల్లో ఉంటున్నాను. కొన్నేళ్ళ కిందట మా ఆయన ఆసుపత్రిలో పోయారు. చేతులు వాచిపోయి, ఎడమ చేతి గడియారం మణికట్టులో ఇరుక్కుపోయింది. పట్టీ కొక్కెం ఎంతకీ రాలేదు. నర్సు, పాపం మంచి పిల్లే, రేకు కత్తిరించే కత్తెర తెచ్చింది. కట్ చేస్తే అయిపోతదమ్మా అంది. నేను ఆగమన్నాను. పెళ్ళయిన కొత్తలో మా పుట్టింటివాళ్ళు పెట్టిన గడియారం అది, స్నానానికి తప్ప ఆయన చేతి మీంచి తీసి ఎరగరు. నా పుస్తెలతాడుకున్న పిన్నీసు తీసి, ఆయన మంచం మీద కూర్చుని, స్టీలు పట్టీలో ఒక ముక్క ఇంకో ముక్కతో కలిసే చోటు వెతికాను. కళ్ళు సరిగా కనబడలేదు, వేలికి తగిలింది. అక్కడ సన్నటి సూదిలాంటి చీల ఉంటుంది. పిన్నీసు మొనతో దాన్ని నెమ్మదిగా తోశాను. మా పిల్లలు బయట కాగితాల మీద సంతకాలు పెడుతున్నారు. ఇంకాసేపట్లో ఆ పిన్నీసున్న తాడు కూడా తీసేసేవాళ్ళు వస్తారని నాకు తెలుసు. పట్టీ విడిపోయి గడియారం నా అరచేతిలోకి వచ్చింది. అది ఇంకా నడుస్తోంది. ఆయన మణికట్టు మీద చిన్న గీత కూడా పడలేదు.

నాకు గొలుసు అల్లడం రాదు. మా తాత దగ్గర అడిగిన విద్య ఒకటి, వచ్చింది ఇంకొకటి. విప్పడం ఒక్కటే వచ్చు నాకు. ఈ బతుకులో అదే ఎక్కువగా పనికొచ్చింది.